కొనడం ఆపని నవాబు

మన హాస్టల్లో పాత వాచీల పిచ్చి ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, ఇప్పుడు ప్రతి ఫ్లోర్లో కనీసం ఒకడు దొరుకుతాడు. సెలవులకి ఇంటికెళ్ళి తాతగారి బీరువాలోంచి హెచ్ఎంటీ జనతా తెచ్చుకునేవాడు ఒకడు. ఆదివారం పొద్దున్నే ఏలూరు నుంచి బస్సెక్కి తాడేపల్లిగూడెంలో పాత రిపేరు కొట్ల ముందు నిలబడేవాడు ఇంకొకడు. కొన్న వాచీకి బెల్టు మార్చి, అద్దానికి పాలిష్ పట్టి, మంచి వెలుతురులో ఫోటో తీసి, మూడొందల లాభానికి వారంలోగా అమ్మేసేవాడు మరొకడు. నేను మొదట్లో రెండో రకం. తర్వాత మూడో రకంలోకి దిగుదామని చూసి దెబ్బ తిన్నాను.

ఆ దెబ్బ ఏంటంటే, తళతళలాడే డయల్ ఉన్న ఒక స్విస్ వాచీని మెస్ డబ్బులు పెట్టి మరీ కొన్నాను. వెనక మూత తీయించి చూస్తే లోపలి మిషన్ ఒక వాచీది, కేసు ఇంకో వాచీది, డయల్ మీద పేరు ఈమధ్యే కొత్తగా రంగేసి రాసింది. దీన్నే రీడయల్ అంటారు. మన కొల్లేరు పక్క ఊళ్ళ నుంచి, అంటే కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చే పాత వాచీల డయళ్ళ మీద తేమకి మచ్చలు పడి ఉంటాయి. నేను వాటిని వద్దని పక్కన పెట్టి దీన్ని కొన్నాను. మచ్చలున్నవే అసలువని అప్పుడు నాకు తెలీదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు వాచీలు కొనడం మానేసి, వాటిని కూడబెట్టినవాళ్ళ గురించి చదవడం మొదలెట్టాను. మన తెలుగు నేల మీద ఆ వరసలో అందరికంటే ముందు తగిలే పేరు మూడో సాలార్‌జంగ్. మ్యూజియం అందరికీ తెలుసు. మనిషి గురించి అడిగితే మాత్రం మన క్లాసులో ఒక్కడు కూడా రెండు ముక్కలు చెప్పలేకపోయాడు. అందుకే ఇది రాస్తున్నా.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. ఏలూరు చరిత్ర చదివినవాళ్ళకి సలాబత్ జంగ్ పేరు తగులుతుంది. 1753లో ఏలూరుతో కలిపి ఉత్తర సర్కారులను ఫ్రెంచి వాళ్ళకి రాసిచ్చిన నిజాం ఆయన. తర్వాత 1766లో ఇంకో నిజాం ఇవే సర్కారులను ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చాడు. అంటే మన ఊరు కూడా ఒకప్పుడు హైదరాబాద్ కిందదే. కానీ సలాబత్ జంగ్ వేరు, సాలార్‌జంగ్ వేరు. మొదటాయన రాజు. రెండోది రాజు దగ్గర దివాన్‌గిరీ చేసిన వంశంలో తాత నుంచి మనవడి దాకా వచ్చిన బిరుదు. నేను కూడా ఇంటర్‌లో రెండూ ఒకటే అనుకున్నా.

ఆ తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. 1853లో, 24 ఏళ్ళ వయసులో దివాన్ అయ్యి, 1883లో కలరాతో చనిపోయేదాకా ముప్పై ఏళ్ళు హైదరాబాద్ రాజ్యాన్ని నడిపాడు. పన్నుల వసూలు, జిల్లాల ఏర్పాటు, రైలు మార్గం అన్నీ ఆయన కాలంలోవే. 1876లో యూరప్ వెళ్ళి, రోములో ఒక పాలరాతి బొమ్మ కొన్నాడు. ముసుగు వేసుకున్న రెబెకా అని మ్యూజియంలో అందరూ ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసే బొమ్మ అదే. దాన్ని మనవడు కొన్నాడని చాలామంది అనుకుంటారు. కాదు, తాత కొన్నాడు. కొనే అలవాటు ఇంట్లో ముందునుంచీ ఉందన్నమాట.

కొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్, రెండో సాలార్‌జంగ్. ఈయన ఇంకా చిన్న వయసులో, 21 ఏళ్ళకే దివాన్ అయ్యాడు. మూడేళ్ళకే, 1887లో, పదవి పోయింది. 1889 జూలైలో పూనాలో చనిపోయాడు. అప్పటికి ఆయనకి ఒక్కడే కొడుకు. పుట్టి నెల కూడా నిండలేదు.

ఆ పసివాడే మన కథలో మనిషి, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889 జూన్ 13న పూనాలో పుట్టాడు. తండ్రి ముఖం గుర్తుండే అవకాశమే లేదు. తాత అంతకు ఆరేళ్ళ ముందే పోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ పిల్లవాడి బాగోగులు చూసే ఏర్పాటు చేశాడు. చదువు నిజాం కాలేజీలో. చార్మినార్‌కి దగ్గర్లోనే ఉన్న దివాన్ దేవిడీ అనే పూర్వీకుల మహలు, తాత తెచ్చిన యూరప్ సామాను, మూడు తరాల పుస్తకాలు, పెద్ద జాగీరు, ఇవన్నీ నడక రాకముందే ఆయన పేరు మీద ఉన్నాయి. ఇంట్లో అన్నీ ఉండి మనుషులు లేని బాల్యం అది. ఆయన తర్వాత చేసినదానికంతటికీ ఇదే కారణమని చెప్పను. చెబితే సినిమా అయిపోతుంది. కానీ మర్చిపోవడం కూడా కష్టం.

1911లో ఆరో నిజాం చనిపోయి ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం అయ్యాడు. మరుసటి ఏడాది, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ తప్పుకున్నాక, యూసుఫ్ అలీ ఖాన్‌ని దివాన్‌ని చేశారు. వయసు 23. మనలో చాలామంది ఆ వయసులో క్యాంపస్ ప్లేస్‌మెంట్ లెటర్ కోసం మెయిల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటాం. తాతలాగా ముప్పై ఏళ్ళు చేస్తాడని ఎవరైనా ఆశపడి ఉంటే అది జరగలేదు. నిజాంతో పొసగలేదు. 1914 నవంబరులో పదవి వదిలేశాడు. ఆ తర్వాత అయిదేళ్ళ పాటు నిజాం ఇంకో దివాన్‌ని పెట్టుకోకుండా రాజ్యం తానే చూసుకున్నాడు. 1919లో కార్యనిర్వాహక మండలి వచ్చింది.

ఇరవై అయిదేళ్ళకి పెద్ద పదవి అయిపోయింది. పెళ్ళి చేసుకోలేదు, జీవితాంతం చేసుకోలేదు కూడా. చేతిలో జాగీరు రాబడి ఉంది. ముందు ముప్పై అయిదేళ్ళ ఆయుష్షు ఉంది. ఆ ముప్పై అయిదేళ్ళూ ఆయన వస్తువులు కొన్నాడు.

కొన్నాడు అంటే మనం కొన్నట్టు కాదు. ఆయనకి ఈ ఆసక్తి ఉందన్న సంగతి దేశదేశాలకీ పాకిపోయింది. దివాన్ దేవిడీ గుమ్మం దగ్గర వస్తువులు అమ్మేవాళ్ళు ఎప్పుడూ కాచుకుని ఉండేవాళ్ళు. విదేశాల్లో ఏజెంట్లు ఉండేవాళ్ళు. పేరున్న పాతవస్తువుల వ్యాపారుల కేటలాగులు, జాబితాలు పోస్టులో వచ్చేవి. అది చాలక తనే యూరప్, మధ్య ప్రాచ్య దేశాలు తిరిగి కొనుక్కొచ్చేవాడు. పెర్షియా తివాసీలు, చైనా పింగాణీ, జపాను పట్టు, మొగలుల కత్తులు, ఏనుగు దంతం కుర్చీలు, చేతికర్రలు, పిల్లల బొమ్మలు. పిల్లలు లేని మనిషి కొన్న బొమ్మలతో మ్యూజియంలో ఏకంగా ఒక గదే ఉంది. వీటితో పాటు గడియారాలు.

గడియారాల గది దగ్గర కాస్త ఆగుదాం. అక్కడ నీడగడియారం నుంచి మొదలుపెట్టి 20వ శతాబ్దపు యంత్రాల దాకా ఉన్నాయి. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలండుల నుంచి వచ్చినవి. మనిషికంటే ఎత్తుండే గ్రాండ్‌ఫాదర్ గడియారాలు ఒకవైపు, భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్నవి ఇంకోవైపు. పక్షి పంజరం ఆకారంలో ఉన్నవి కొన్ని. పళ్ళచక్రాలన్నీ బయటికే కనిపించేలా చేసిన స్కెలిటన్ గడియారాలు కొన్ని. మెకానికల్ వాళ్ళు ఆ స్కెలిటన్ గడియారాల ముందు పది నిమిషాలు నిలబడితే, కైనమాటిక్స్ పేపర్లో గేర్ ట్రెయిన్ లెక్క ఎందుకిస్తారో కళ్ళకి కడుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఆయన బతికిన కాలం. పుట్టినప్పుడు మగవాళ్ళ గడియారం కోటు జేబులో గొలుసుకి వేలాడేది. చేతికి కట్టుకునేది ఆడవాళ్ళ నగ అనేవాళ్ళు. ఆయన పదవి వదిలిన 1914లోనే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. కందకాల్లో ఒక చేత్తో తుపాకీ పట్టుకుని రెండో చేత్తో జేబులోంచి గడియారం తీయడం కుదరక, సిపాయిలు దాన్ని మణికట్టుకి కట్టేసుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండులోని క్యూ పరీక్షా కేంద్రం ఒక రోలెక్స్ చేతి వాచీకి, అప్పటిదాకా పెద్ద గడియారాలకి మాత్రమే ఇచ్చే ఎ తరగతి సర్టిఫికెట్ ఇచ్చింది. 1926లో నీళ్ళు పోని ఆయిస్టర్ కేసు వచ్చింది. మన దేశంలో వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వాళ్ళ సోవార్ వాచీలు సైన్యం నుంచి రైల్వేల దాకా పాకాయి. అంటే ఈ నవాబు కొంటూ ఉన్న ఆ ముప్పై అయిదేళ్ళలోనే గడియారం గోడ మీంచి, జేబులోంచి దిగి చేతికి వచ్చేసింది. ఆయన కొన్న పెద్ద గడియారాలు ఆయన కళ్ళముందే పాతకాలం వస్తువులైపోయాయి.

అందరూ చూడటానికి వెళ్ళేది మాత్రం ఆ ఒక్క గడియారాన్నే. కలకత్తాలో కొట్టున్న కుక్ అండ్ కెల్వీ వాళ్ళు అమ్మిన మ్యూజికల్ క్లాక్. కుడివైపు ఒక చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో ఆగకుండా కొడుతూ ఉంటుంది, అది సెకన్ల లెక్క. గంట అయ్యే ముందు తలుపు తెరుచుకుని ఒక గడ్డం మనిషి బొమ్మ బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మీద కొట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం 12కి జనం ఎందుకు గుమిగూడతారంటే, పన్నెండు దెబ్బలు ఉంటాయి కాబట్టి, టికెట్ డబ్బులు గిట్టుబాటు అవుతాయి. లెక్కేస్తే ఒకటి నుంచి పన్నెండు దాకా కూడితే 78, రోజుకి రెండు చుట్లు, అంటే 156 దెబ్బలు. పాపం ఆ గడ్డం మనిషికి ఆదివారం సెలవు కూడా లేదు.

ఇలాంటి గడియారాల్లో పని రెండు భాగాలుగా నడుస్తుంది. ముళ్ళని తిప్పే చక్రాల వరస ఒకటి, గంట కొట్టే చక్రాల వరస ఇంకొకటి. రెండిటికీ శక్తి వేరువేరు స్ప్రింగుల నుంచో బరువుల నుంచో వస్తుంది. మొదటి వరస గంటకోసారి ఒక చిన్న మీటని ఎత్తి రెండోదాన్ని వదులుతుంది. రెండోది తన లెక్క పూర్తిచేసి తానే తాళం పడి ఆగిపోతుంది. బొమ్మల కదలిక ఆ వరసకే తగిలించిన క్యామ్‌లతో వస్తుంది. మోటారు లేదు, సెన్సారు లేదు, ఒక్క లైను కోడ్ లేదు. మనం మైక్రోకంట్రోలర్ పెట్టి చేసిన మినీ ప్రాజెక్టు డెమో రోజే హ్యాంగ్ అయింది, ఆ సంగతి వదిలేద్దాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా గొప్పేనా?

ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, ఆయన సేకరణకి ఒక వరస లేదని. మంచిదీ మామూలుదీ పక్కపక్కనే ఉంటాయి, ఒక విషయాన్ని పట్టుకుని లోతుకి వెళ్ళలేదు, కంటికి నచ్చిందల్లా కొన్నాడు అని. మ్యూజియం నడుస్తూ చూసినవాళ్ళకి ఇందులో కొంత నిజం ఉందనిపిస్తుంది. పింగాణీ గదులు దాటేసరికి కాళ్ళు పీకుతాయి. అయితే నాకు అదే నచ్చింది. నిపుణుడు కొన్న సేకరణ పాఠ్యపుస్తకంలా ఉంటుంది. ఇది ఒక మనిషి ఇల్లులా ఉంటుంది.

రెండో మాట అంత తేలిగ్గా వదిలేది కాదు. డబ్బు ఎక్కడిది? జాగీరు రాబడి. ఇప్పటి కర్ణాటకలోని కొప్పళ లాంటి చోట్ల పొలం దున్నిన రైతు కట్టిన శిస్తు. ఆయన ఆఖరి సంవత్సరాల్లో తెలంగాణ పల్లెల్లో జాగీర్దార్ల మీద, దేశ్‌ముఖ్‌ల మీద రైతులు తిరగబడ్డారు. మాది వ్యవసాయం ఇల్లు. చేపల చెరువు లీజు కట్టడానికి మా వాళ్ళు ఎంత కిందామీదా పడతారో నాకు తెలుసు. అందుకని ఆ మ్యూజికల్ క్లాక్ కొట్టే దెబ్బల్లో నాకు ఆ శిస్తు కూడా వినిపిస్తుంది. ఆయన్ని మంచి జాగీర్దారు అని గానీ చెడ్డ జాగీర్దారు అని గానీ తేల్చేంత నేను చదవలేదు. ఆ రాబడి మాత్రం ఇంకో చాలామంది నవాబుల రాబడిలాగా గుర్రాలకీ విందులకీ పోయి ఉంటే ఇవాళ మనకి చూడటానికేం మిగిలేది కాదు. ఇది సమర్థన కాదు, జరిగింది చెప్తున్నా.

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. నిజాం రాజ్యం అయిపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే 1949 మార్చి 2న యూసుఫ్ అలీ ఖాన్ చనిపోయాడు. అరవై ఏళ్ళు కూడా నిండలేదు. దాయిరా మీర్ మోమిన్‌లో, వంశం వాళ్ళ సమాధుల మధ్యే ఆయన సమాధి. ఆ ఆగస్టులోనే జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. ఇంకో అయిదు నెలలు బతికి ఉంటే, తను ముప్పై అయిదేళ్ళు ఖర్చుపెట్టిన రాబడి ఆగిపోవడం చూసేవాడు.

మ్యూజియం పెట్టాలన్న ఆలోచన ఆయనకి ఉండేది. పెట్టకుండానే పోయాడు. భార్యాపిల్లలు లేరు, దూరపు బంధువులు మాత్రం చాలామంది ఉన్నారు. ఒక్క క్షణం మన హాబీ వాళ్ళలాగా ఆలోచించండి. 43 వేల కళావస్తువులు, 9 వేల రాతప్రతులు, 47 వేల అచ్చు పుస్తకాలు ఒక మహల్లో ఉన్నాయి, యజమాని లేడు. వారసులు పంచుకుంటే తలా కొన్ని వస్తాయి. అవి బొంబాయి వ్యాపారుల చేతికి, అక్కణ్ణుంచి లండన్ వేలంపాటలకి వెళ్తాయి. పదేళ్ళలో ఒక్క వస్తువు కూడా పక్కవస్తువుతో కలిసి ఉండదు. ఎన్నో సంస్థానాల సామాను అలాగే పోయింది.

ఇక్కడ మాత్రం అలా జరగలేదు. ప్రభుత్వం ఆస్తి చూసుకోవడానికి ఒక కమిటీ వేసింది. అప్పుడు హైదరాబాద్ పాలన చూస్తున్న ఎం.కె. వెల్లోడి దీన్ని మ్యూజియం చేద్దామని నిర్ణయించాడు. వస్తువుల్ని ఒక వరసలో పెట్టడానికి పిలిచింది జేమ్స్ కజిన్స్‌ని. ఐరిష్ కవి, మన మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో పనిచేసినాయన. 1919లో టాగూరు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమనకి స్వరం రాసిపెట్టిన మార్గరెట్ ఈయన భార్యే. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచాడు. వారసుల సంగతి కోర్టులో తేలడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. 1958లో హైకోర్టు డిక్రీ మీద రాజీ కుదిరి, సేకరణంతా భారత ప్రభుత్వానికి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు.

ఆయన బతికుండగా నమ్మిన పనివాళ్ళ చేతుల్లో కొంత, ఇల్లు మారేటప్పుడు కొంత పోయిందనీ, ఇప్పుడున్నది ఆయన కొన్నదాంట్లో సగమేననీ ఒక మాట ఉంది. ఆ పోయిన సగం ఎక్కడికి వెళ్ళుంటుందో ఊహించడం కష్టం కాదు. ఎవడో ఒకడు పాలిష్ పట్టి, మంచి వెలుతురులో పెట్టి అమ్మే ఉంటాడు.

దివాన్ దేవిడీ ఉన్న చోట ఇప్పుడు ఎక్కువగా బట్టల దుకాణాలే. నేను అడిగినవాళ్ళలో సగం మందికి ఆ పేరు షాపింగ్ కోసమే తెలుసు.

నా విషయానికొస్తే, ఆ రంగేసిన డయల్ వాచీ ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఇంకొకడికి అంటగడితే నా డబ్బులు నాకొచ్చేవి, అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఈమధ్య ఆకివీడులో మా మావయ్య వాళ్ళ పక్కింట్లో డయల్ నిండా మచ్చలున్న ఒక జనతా దొరికింది, రోజూ కీ ఇస్తున్నా. రోజుకి మూడు నిమిషాలు వెనకబడుతుంది.

ఈ సెమ్ సెలవుల్లో మన క్లబ్ వాళ్ళం మళ్ళీ హైదరాబాద్ వెళ్దామనుకుంటున్నాం. గౌతమి ఎక్కితే తాడేపల్లిగూడెం వాళ్ళు అక్కడే, మనం ఏలూరులో, తెల్లారేసరికి దిగొచ్చు. పదకొండున్నరకల్లా గడియారం ముందు బెంచీలు పట్టుకోవాలి, లేదంటే ముందువాళ్ళ తలలే కనిపిస్తాయి. ఒక్క సంగతి, మ్యూజియంకి శుక్రవారం సెలవు. మొదటిసారి మేం వెళ్ళింది శుక్రవారమే.